మీ ఊరిని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీయడం ఎలా: తండా దారి నుంచి చెరువు అలుగు దాకా

ఫోన్‌లో ఏ మ్యాప్ తెరిచినా హైవే పక్కన ధాబా కనిపిస్తుంది, పెట్రోలు బంకు కనిపిస్తుంది. హైవే దిగి నాలుగు కిలోమీటర్లు లోపలికి వెళ్తే ఊరి పేరొక్కటే ఉంటుంది, చుట్టూ అంతా ఖాళీ. ఊరవతలి కాలనీకి, తండాకి, గూడేనికి చాలాసార్లు ఆ పేరు కూడా ఉండదు. వ్యాపార సంస్థల మ్యాపులు వ్యాపారం నడిచే చోట చిక్కగానూ నడవని చోట పలచగానూ ఉంటాయి. ఆ ఖాళీని మీరే నింపగలిగే చోటు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్.

2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ దీన్ని మొదలుపెట్టాడు. అక్కడి ప్రభుత్వ సర్వే సంస్థ తయారుచేసిన పటాల సమాచారం సామాన్యులు స్వేచ్ఛగా వాడుకునేలా ఉండేది కాదు. అందుకని జనమే గీసుకునే పటం కావాలనుకున్నాడు. ఇందులోని సమాచారం 2012 నుంచి ఓపెన్ డేటాబేస్ లైసెన్స్ కింద ఉంది. ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకునే యాప్‌లో కూడా పెట్టుకోవచ్చు. మూలం పేరు చెప్పాలి, సమాచారాన్ని మెరుగుపరిచి బయటికి ఇస్తే ఇదే షరతు మీద ఇవ్వాలి. వికీపీడియా వ్యాసాల్లో కనిపించే పటాలు, ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మ్‌యాండ్ వంటి యాప్‌లు ఈ సమాచారం మీదే నడుస్తాయి. 2010లో హైతీ భూకంపం, 2015లో నేపాల్ భూకంపం వచ్చినప్పుడు ఎక్కడెక్కడి వాలంటీర్లో ఉపగ్రహ చిత్రాలు చూసి రోడ్లూ ఇళ్లూ గీశారు. సహాయక బృందాలు ఆ పటాలు పట్టుకుని ఊళ్లకు వెళ్లాయి.

మన దేశంలో ఇలా గీయవచ్చా అన్న సందేహం చాలామందికి వస్తుంది. పటాల తయారీకి భారతీయులకు ముందస్తు అనుమతులు, లైసెన్సులు అక్కర్లేదని 2021 ఫిబ్రవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. సైనిక స్థావరాల జోలికి, దేశ సరిహద్దుల జోలికి మాత్రం వెళ్లకండి. మీ పని మీ ఊరు, దాని దారులు, దాని నీళ్లు.

ముందు ఊరంతా నడవండి

కంప్యూటర్ ముందు కూర్చునే ముందు ఒక నోటుపుస్తకం పట్టుకుని ఊరు తిరగండి. ఇంటి కప్పు ఉపగ్రహానికి కనిపిస్తుంది, ఆ కప్పు కింద ఉన్నది అంగన్‌వాడీయో పాల కేంద్రమో కనిపించదు. చెట్ల కింది నుంచి పోయే బాట కూడా కనిపించదు. అవి తెలిసింది అక్కడ ఉండేవాళ్లకే.

ఓస్మ్‌యాండ్ యాప్‌లో ప్రయాణాన్ని రికార్డు చేసే సదుపాయం ఉంది. దాన్ని ఆన్ చేసి జేబులో పెట్టుకుంటే మీరు నడిచిన దారి గీతగా నమోదవుతుంది. ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, చెట్ల కిందా ఇరుకు సందుల్లో ఇంకాస్త ఎక్కువ. ఫరవాలేదు, దారి ఎటు తిరిగిందో తెలిస్తే చాలు. బోర్డులన్నీ ఫోటో తీసుకోండి: పంచాయతీ కార్యాలయం, బడి, గ్రామ సచివాలయం, రైతు వేదిక, ఆరోగ్య ఉపకేంద్రం, రేషన్ దుకాణం. పేర్ల అక్షరక్రమం దగ్గర తర్వాత ఈ ఫోటోలే ఆదుకుంటాయి.

ఊళ్లో ప్రతి సందూ తెలిసినవాళ్లు కొందరుంటారు. పోస్ట్‌మ్యాన్, ఆశా కార్యకర్త, పొద్దున్నే పాలు సేకరించే ఆటో అతను. వాళ్లతో ఒక గంట కూర్చుంటే మీరు పుట్టి పెరిగిన ఊళ్లో కూడా మీకు తెలియని దారులు బయటపడతాయి. వానాకాలంలో ఏ వాగు దగ్గర బండ్లు ఆగిపోతాయో, ఏ దారిలో అంబులెన్స్ తిరగలేదో తప్పకుండా అడగండి.

నా సలహా ఒకటే. రథం వీధితోనో బస్టాండుతోనో మొదలుపెట్టకండి. ఊరి చివర, మ్యాపులో అసలు లేని వైపు నుంచి మొదలుపెట్టండి. బస్టాండును ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు గీస్తారు. తండాకు పోయే మట్టిదారిని మీరు గీయకపోతే ఇంకో పదేళ్లయినా ఎవరూ గీయకపోవచ్చు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. వాటిలో మీకు తెలిసినది మ్యాపులో ఉందో లేదో ఇప్పుడే వెతికి చూడండి.

ఖాతా తెరవడం

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డాట్ ఆర్గ్‌లో ఈమెయిల్‌తో ఖాతా తెరవండి. మీరు పెట్టుకునే పేరు, మీరు ఎప్పుడు ఎక్కడ ఏం మార్చారన్నది అందరికీ కనిపిస్తాయి. మార్పులు ఎక్కువగా మీ ఇంటి చుట్టూనే ఉంటాయి కాబట్టి మీరెక్కడుంటారో ఊహించడం కష్టం కాదు. ముఖ్యంగా ఆడపిల్లలు, ఒంటరిగా ఉండేవాళ్లు అసలు పేరు కాకుండా వేరే పేరు పెట్టుకోవడం మేలు.

లాగిన్ అయ్యాక మీ ఊరిని వెతికి, దగ్గరగా జూమ్ చేసి, పైన ఎడిట్ బటన్ నొక్కండి. బ్రౌజర్‌లోనే ఐడీ అనే ఎడిటర్ తెరుచుకుంటుంది. మొదటిసారి అది వాక్‌త్రూ, అంటే మెట్టు మెట్టుగా నేర్పే అభ్యాసం, చూపిస్తానంటుంది. దాటేయకండి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో త్రీ రివర్స్ అనే చిన్న పట్టణం మీద అది మీ చేత గీయిస్తుంది. అక్కడ చేసినదేదీ అసలు మ్యాపులోకి వెళ్లదు. ఓపిగ్గా పూర్తిచేస్తే చుక్క, గీత, ప్రాంతం అనే మూడు పనిముట్లూ చేతికి అలవాటవుతాయి. ఈ మ్యాపులో ఉన్నదంతా దాదాపు ఆ మూడింటితోనే కట్టింది. బావి చుక్క, రోడ్డు గీత, చెరువు ప్రాంతం.

గీయబోయే ముందు నేపథ్యంలో ఉండే ఉపగ్రహ చిత్రాలు మార్చి చూడండి. బింగ్, ఎస్రి అనే సంస్థల చిత్రాలు రెండూ ఎడిటర్‌లోనే ఉంటాయి, వాటి మీద గీయడానికి అనుమతి ఉంది. ఒకదానిలో మబ్బు అడ్డొస్తే ఇంకోదానిలో తేటగా ఉండొచ్చు. ఒకటి పాతది, ఒకటి కొత్తది కావచ్చు. రెండూ ఒకదానికొకటి కొన్ని మీటర్లు జరిగి కూడా ఉంటాయి. మీరు నడిచి రికార్డు చేసిన జీపీఎస్ గీత ఫైలును ఎడిటర్ తెరమీదికి లాగి వదిలితే ఏ చిత్రం నేలకు సరిగ్గా కూర్చుందో తెలుస్తుంది. జరిగి ఉంటే నేపథ్యం సెట్టింగుల్లో చిత్రాన్ని సరిచేసుకుని అప్పుడు గీయండి.

ఇంకో నియమం ఉంది, ఇందులో సర్దుబాటు లేదు. గూగుల్ మ్యాప్స్ నుంచి ఒక్క పేరు కూడా తీసుకోకండి. పక్కన తెరిచిపెట్టుకుని చూసి రాయడం కూడా కాపీయే. అట్లాసులు, లైసెన్సు తెలియని ప్రభుత్వ పీడీఎఫ్‌లూ అంతే. కాపీ అని తేలితే మీరు పెట్టినదంతా తీసేస్తారు. తీసేయాల్సిందే కూడా, ఎందుకంటే ఈ మ్యాపును ఎవరైనా నిశ్చింతగా వాడుకోగలగడానికి ఆధారం ఆ శుభ్రతే. మీ కంటితో చూసింది, మీ ఊరివాళ్లు చెప్పింది, ఎడిటర్‌లో ఇచ్చిన చిత్రాల్లో కనిపించింది, ఈ మూడూ చాలు.

దారులు

గీత పనిముట్టు తీసుకుని దారి మధ్యగా చుక్కలు పెట్టుకుంటూ పోండి. వంపుల దగ్గర చుక్కలు దగ్గరగా, తిన్నటి దారిలో దూరంగా. చివర రెండుసార్లు క్లిక్ చేస్తే గీత ముగుస్తుంది. తర్వాత అది ఎలాంటి దారో ఎడమవైపు పెట్టెలో ఎంచుకోవాలి.

జాతీయ రహదారులకు ట్రంక్, రాష్ట్ర రహదారులకు ప్రైమరీ అన్న పద్ధతి మన దేశంలో నడుస్తోంది. అవి ఎలాగూ గీసే ఉంటాయి, వాటి వర్గం మార్చకండి. మీకు పని పడేది కింది వర్గాలతో. ఊరినీ ఊరినీ కలిపే రోడ్డు కాస్త పెద్దదైతే టెర్షియరీ, చిన్నదైతే అన్‌క్లాసిఫైడ్. ఆ రెండో మాట చూసి ‘ఏ రకమో తెలియని రోడ్డు’ అనుకుంటారు చాలామంది. కాదు, అదీ ఒక ఖాయమైన వర్గమే. ఇళ్ల మధ్య వీధులు రెసిడెన్షియల్. పొలాలకు పోయే డొంక, పుంత, బండ్లబాట అన్నీ ట్రాక్. మనిషి నడిచే బాట అయితే పాత్. వర్గం పెట్టాక ఉపరితలం కూడా నింపండి: తారా, సీసీ రోడ్డా, కంకరా, మట్టా. వానాకాలంలో ఆ దారిన పోవాల్సినవాళ్లకు పేరుకన్నా ఇది ఎక్కువ అక్కరకొస్తుంది.

కూడళ్ల దగ్గర జాగ్రత్త. రెండు దారులు కలిసే చోట రెండింటికీ ఒకే చుక్క ఉండాలి. తెరమీద కలిసినట్టే కనిపించినా చుక్క ఉమ్మడిది కాకపోతే దారి చూపే యాప్‌కి అక్కడ గోడ ఉన్నట్టే లెక్క, చుట్టూ తిప్పి పంపుతుంది. ఒక గీతను ఇంకో గీత మీదికి తెచ్చి సరిగ్గా దానిపైనే క్లిక్ చేస్తే చుక్క దానంతటదే కలుస్తుంది. కలవని చోట్లను ఐడీ ఎడిటర్ హెచ్చరికగా చూపిస్తుంది. సేవ్ చేసే ముందు ఆ హెచ్చరికల్ని ఒక్కొక్కటే చూడండి.

వాగులు, కాలువలు, చెరువులు

ఊరి పటంలో నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది నీళ్లు. అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

వాగుని, కాలువని గీసేటప్పుడు నీరు పారే వైపుకే గీయాలి. మొదటి చుక్క ఎగువన, చివరి చుక్క దిగువన. గీత మీద చిన్న బాణం గుర్తులు కనిపిస్తాయి, అవి తప్పు వైపు చూపిస్తుంటే కుడి క్లిక్ చేసి తిప్పేయవచ్చు. వాగుకి స్ట్రీమ్, సాగునీటి కాలువకి కెనాల్, పొలంగట్టు పక్కన పోయే చిన్న కాలువకి డిచ్. ఎండాకాలంలో ఎండిపోయేదైతే ‘ఇంటర్మిటెంట్’ అన్న గుర్తు పెట్టండి. లేకపోతే ఏప్రిల్‌లో నీళ్లుంటాయని ఎవరో నమ్ముతారు.

రోడ్డు వాగుని దాటే చోటు మూడు రకాలుగా ఉంటుంది. వంతెన ఉంటే రోడ్డులో ఆ ముక్కను విడగొట్టి బ్రిడ్జి అని పెట్టాలి. కింద తూము గొట్టాలు వేసి పైన రోడ్డు పోయినచోట వాగు ముక్కను కల్వర్టుగా గుర్తించాలి. మూడోది మనకు ఊరూరా ఉన్న చప్టా. మామూలు రోజుల్లో బండి హాయిగా పోతుంది, వాన పడితే నీరు రోడ్డు మీదుగా పారుతుంది. అక్కడ రోడ్డుకీ వాగుకీ ఉమ్మడి చుక్క పెట్టి దానికి ఫోర్డ్ అన్న గుర్తు ఇవ్వండి. ఆ రోడ్డు ముక్కకు వరద ముంపు ఉందని చెప్పే ట్యాగు (గీసినదానికి తగిలించే వివరం) కూడా ఉంది, ‘ఫ్లడ్ ప్రోన్’ అని. ప్రతి వానాకాలం ఇలాంటి చప్టాల మీద కార్లు, బైకులు కొట్టుకుపోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. ఆ దారి కొత్తవాళ్లకు మామూలు రోడ్డులాగే కనిపిస్తుంది. మీ మండలంలోని చప్టాలన్నీ గుర్తించి ఆపేసినా మీరు చేసింది పెద్ద పనే.

చెరువును ప్రాంతంగా గీయండి. ఉపగ్రహ చిత్రం ఏ నెలలో తీశారో దాన్నిబట్టి నీరు నిండుగానో అడుగునో ఉంటుంది. మామూలు ఏడాదిలో నిండినప్పుడు నీరు ఎంతదాకా వస్తుందో మీకు తెలుసు, అంతదాకా గీయండి. కట్టను వేరే గీతగా, తూముని చుక్కగా, అలుగుని వియర్‌గా పెట్టవచ్చు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి: ఇది రెవెన్యూ రికార్డు కాదు. చెరువు ఎఫ్‌టీఎల్ (నిండుగా నీరు నిలిచే మట్టం) హద్దు అనీ, ఎవరి పొలం హద్దు ఇదీ అనీ దీన్ని ఆధారంగా చూపించకండి. సర్వే నంబర్లు, భూముల హద్దులు ఇందులో గీయకండి.

మంచినీటి ట్యాంకు, చేతిపంపు, ఊరబావి, వాటర్ ప్లాంటు కూడా చుక్కలుగా పెట్టండి. ఆ నీళ్లు తాగడానికి పనికొస్తాయా లేదా అన్న గడి ఉంటుంది. తెలిస్తేనే నింపండి.

పేర్లు, తెలుగులో

ఊరి చుక్క చాలా చోట్ల ముందే ఉంటుంది, కాకపోతే పొలాల్లో ఎక్కడో పడి ఉండవచ్చు. కొత్తది పెట్టకుండా ఉన్నదాన్నే లాగి ఊరి నడిమధ్యకు, బొడ్రాయి దగ్గరికో రచ్చబండ దగ్గరికో తీసుకురండి. తండా, గూడెం వంటి చిన్న ఆవాసాలకు హామ్లెట్ అన్న వర్గం ఉంది.

మన దేశంలో పేరు గడిలో ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాలే కనిపిస్తాయి. దాన్ని చెరపకండి. ఆ గడి పక్కనే ఉన్న కూడిక గుర్తు నొక్కితే వేరే భాషలో పేరు చేర్చమంటుంది. భాషగా తెలుగును ఎంచుకుని పేరు రాయండి. ఫోన్ భాష తెలుగు పెట్టుకున్నవాళ్లకు ఆర్గానిక్ మ్యాప్స్ వంటి యాప్‌లలో ఆ పేరే కనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల నుంచి ఊహించి రాయకండి. ‘ద’ ఎక్కడ, ‘డ’ ఎక్కడ, దీర్ఘం ఉందా లేదా అన్నది ఇంగ్లీషులో తెలియదు. మీరు ఫోటో తీసిన పంచాయతీ బోర్డు, బడి బోర్డు చూసి రాయండి. రెండు బోర్డుల మీద రెండు రకాలుగా ఉంటే ఊరివాళ్లు పలికేదాన్ని తీసుకోండి. రెండో పేరుకు ప్రత్యామ్నాయ పేరు అన్న గడి ఉంది.

వాడల పేర్ల దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. పక్కవాళ్లు కులం పేరుతో పిలిచే వాడలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. అక్కడ ఉండేవాళ్లు తమ కాలనీకి పెట్టుకున్న పేరు వేరే ఉంటుంది, బోర్డు మీద అదే రాసుకుంటారు. వెళ్లి వాళ్లనే అడిగి, వాళ్లు చెప్పిన పేరే మ్యాపులో పెట్టండి. ఇందులో ఊరి పెద్దల మాటకన్నా అక్కడ ఉండేవాళ్ల మాటే చెల్లాలి.

వ్యక్తుల పేర్లతో ఇళ్లు గుర్తించకండి, సొంత ఫోన్ నంబర్లు పెట్టకండి. దుకాణం బోర్డు మీద ఉన్న పేరు పెట్టవచ్చు. జిల్లా, మండల సరిహద్దుల్ని కొత్తలో ముట్టుకోకండి. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మారాక ఆ హద్దులు సరిచేయడం పెద్ద పని అయింది. ఒక్క చుక్క జరిగినా హద్దు తెగిపోతుంది.

ఇళ్లు గీయాలంటే ప్రాంతం పనిముట్టుతో నాలుగు మూలలు పెట్టి కీబోర్డులో క్యూ నొక్కండి, మూలలు లంబకోణాలు అవుతాయి. అన్ని ఇళ్లూ గీయాలన్న పట్టుదల మొదట్లో అక్కర్లేదు. బడి, గుడి, మసీదు, చర్చి, ఆసుపత్రి చాలు.

సేవ్ చేయడం

ఒకసారికి ఒక ఊరు, ఒక రకం పని. శ్రీకాకుళంలో ఒక చెరువు, ఆదిలాబాద్‌లో ఒక రోడ్డు కలిపి ఒకేసారి సేవ్ చేస్తే ఆ మార్పుల మూట రెండు రాష్ట్రాల మీద పరుచుకుంటుంది. ఎవరైనా పరిశీలించాలన్నా కష్టం, వెనక్కి తీసుకోవాలన్నా కష్టం. అరగంట పని అయ్యాక సేవ్ చేస్తూ ఉండండి. అప్పుడు వ్యాఖ్య రాయమంటుంది. ‘అప్‌డేట్’ అని ఒక్క మాట రాసి వదిలేయకండి. ‘తండాకు మట్టిదారి, రెండు చప్టాలు చేర్చాను, నడిచి చూసినవి’ అని తెలుగులోనే రాయవచ్చు. మూలం గడిలో సర్వే, స్థానిక పరిజ్ఞానం వంటివి ఎంచుకోండి.

తప్పు జరుగుతుందేమోనని భయం వద్దు. ప్రతి వస్తువుకూ మార్పుల చరిత్ర ఉంటుంది, పాత స్థితికి తేవచ్చు. ఇతరులు గీసింది చెరిపే ముందు మాత్రం ఆ చరిత్ర తెరిచి, గీసినవాళ్లు ఎందుకు అలా పెట్టారో చూడండి.

కంప్యూటర్ లేకపోతే

ఆండ్రాయిడ్‌లో స్ట్రీట్‌కంప్లీట్ అనే ఉచిత యాప్ ఉంది, సోర్స్‌కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంది. మీరు నిలబడ్డ చోట చుట్టూ ఏ వివరాలు లేవో అదే అడుగుతుంది: ఈ రోడ్డు తారా మట్టా, ఈ బడి పేరేమిటి, ఈ భవనం ఎన్ని అంతస్తులు. జవాబు నొక్కితే మ్యాపులోకి వెళ్తుంది. ట్యాగుల గురించి ఏమీ తెలియని పదో తరగతి పిల్లలు కూడా చేయగలరు. కొత్త దుకాణాలు, బావులు చేర్చడానికి ఎవ్రీ డోర్ బాగుంటుంది, అది ఐఫోన్‌లోనూ ఉంది. ఫోన్‌లోనే గీతలు కూడా గీయాలంటే ఆండ్రాయిడ్‌లో వెస్‌పుచ్చి, ఐఫోన్‌లో గో మ్యాప్ ఉన్నాయి. పని బాగా పెరిగి వందల వస్తువులు ఒకేసారి సరిచేయాల్సి వస్తే కంప్యూటర్‌లో జేఓఎస్ఎం అనే ఎడిటర్ నేర్చుకోండి. అది కొత్తలో కాస్త బెదరగొడుతుంది, అలవాటైతే ఐడీకన్నా చాలా వేగం.

గీసింది ఎప్పుడు కనిపిస్తుంది

అసలు వెబ్‌సైట్‌లో నిమిషాల్లో కనిపిస్తుంది. కనిపించకపోతే బ్రౌజర్ పాత చిత్రాన్ని పట్టుకుని ఉందన్నమాట, పేజీని మళ్లీ లోడ్ చేయండి. ఆ సైటులోని మామూలు పటం మీద పేరు గడిలో ఉన్నదే వస్తుంది కాబట్టి మీ తెలుగు పేరు అక్కడ కనపడలేదని కంగారు పడొద్దు. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మ్‌యాండ్ తమ సమాచారాన్ని కొన్ని వారాలకోసారి కొత్తగా ఇస్తాయి. అప్పుడు మీ ప్రాంతం ఫైలు మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఒకసారి దింపుకున్నాక సిగ్నల్ లేని ఏజెన్సీ ఊళ్లలో కూడా దారి చూపిస్తాయి. ఊరివాళ్ల ఫోన్లలో దింపి పెట్టి, వాళ్ల చేత వాళ్ల వీధి వెతికించండి. ఏం తప్పుందో, ఏం తప్పిపోయిందో అక్కడికక్కడే చెప్పేస్తారు. అవన్నీ రాసుకుని మళ్లీ ఎడిటర్ తెరవండి.

కొన్నాళ్లకు మీ మార్పు మీద ఎవరైనా వ్యాఖ్య రాస్తే ఈమెయిల్ వస్తుంది. ఈ రోడ్డు నిజంగా ఉందా, ఈ చెరువు పేరు ఎక్కడిది అని అడుగుతారు. అడిగేది హైదరాబాద్‌లో ఉండే తెలుగువాళ్లు కావచ్చు, జర్మనీలో తప్పులు వెతికే వాలంటీరు కావచ్చు. తప్పకుండా జవాబివ్వండి. ఎప్పుడు చూశారో, ఎవరిని అడిగారో రెండు వాక్యాల్లో చెప్తే చాలు. జవాబు రాకపోతే ఎంత సరైన మార్పునైనా వెనక్కి తిప్పేసే అవకాశం ఉంది.